బరువుతో పాటు బలమూ పోయింది: స్లీవ్ సర్జరీ తర్వాత నా అనుభవం

2023 జూన్‌లో నాకు బరువు తగ్గడానికి చేసే స్లీవ్ సర్జరీ జరిగింది. అప్పటికి నా వయసు 46. బరువు 112 కిలోలు, ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. ఎనిమిదేళ్లుగా షుగర్, నాలుగేళ్లుగా బీపీ, రాత్రిళ్లు గురక మధ్యలో ఊపిరి ఆగిపోయి ఉలిక్కిపడి లేవడం. విశాఖపట్నంలో ప్రభుత్వ పాఠశాలలో టీచర్‌ని. స్టాఫ్ రూమ్ మొదటి అంతస్తులో ఉండేది. మెట్లు ఎక్కలేక మధ్యాహ్నం క్యారేజీ కింద క్లాసులోనే విప్పుకుని తినేదాన్ని. ఆపరేషన్ చేయించుకున్నందుకు నేను ఈ రోజు వరకూ ఒక్కసారి కూడా బాధపడలేదు. ఇది ముందే చెబుతున్నాను. కింద రాసింది చదివి ఎవరూ ఆపరేషన్‌కి భయపడకూడదు.

నేను చెప్పాలనుకున్నది ఆపరేషన్ తర్వాత ఏడు నెలలు నాకు పట్టని ఒక సంగతి గురించి. కండ గురించి.

స్లీవ్‌లో జీర్ణాశయాన్ని ముప్పావు వంతుకు పైగా తీసేస్తారు. మిగిలింది అరటికాయలా సన్నటి గొట్టంలా ఉంటుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన భాగంలోనే. అందుకే మొదటి నెలల్లో ఆకలి అన్న మాటే గుర్తుండదు. ముందు ద్రవాలు, తర్వాత మెత్తగా మెదిపినవి, ఆ తర్వాత మామూలు తిండి. మామూలు తిండి అంటే ఒక ఇడ్లీ, అదీ ఇరవై నిమిషాలు నములుతూ. బరువు మాత్రం చకచకా దిగింది. ఆగస్టులో 100, అక్టోబర్‌లో 90, డిసెంబర్ చివరికి 81. నోట్‌బుక్‌లో తేదీ వేసి రాసుకునేదాన్ని. షుగర్ మాత్రలు ఆపేశారు. స్కూల్లో ప్రతి ఒక్కరూ "మేడం, గుర్తుపట్టలేకపోయాం" అనేవారు. ఆ మాట వినడానికి ఎంత బాగుండేదో! చిన్నప్పటి నుంచీ నా ఒంటి గురించి మంచి మాట విని ఎరుగను.

డిశ్చార్జ్ రోజు ఇచ్చిన కాగితంలో వ్యాయామం గురించి రెండే వాక్యాలు ఉన్నాయి. రోజూ నడవండి. ఆరు వారాలు బరువులు ఎత్తకండి. ఆ రెండో వాక్యం అవసరమే. లోపల కుట్లు మానాలి, పొట్ట మీద పెట్టిన రంధ్రాల దగ్గర హెర్నియా రాకూడదు. కానీ ఆరు వారాల తర్వాత ఏం చేయాలో అందులో లేదు, ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. మా ఇంట్లో ఆ ఆరు వారాలు ఏడు నెలలయ్యాయి. నీళ్ల బకెట్ మా అమ్మాయి మోసేది, కూరగాయల సంచీ మా ఆయన పట్టుకునేవారు. స్కూల్లో పరీక్ష పేపర్ల కట్ట కూడా అటెండర్ తెచ్చి బల్ల మీద పెట్టేవాడు. అందరూ ప్రేమతోనే చేశారు. నేను మాత్రం రోజూ పొద్దున్నే బీచ్ రోడ్డులో వాహనాలు ఆపేసే వేళకి వెళ్లి గంటసేపు నడిచేదాన్ని. అంతకు మించి ఏదైనా చేయాలని తోచలేదు.

పైగా ఆ నవంబర్‌లో కార్తీకమాసం. పెళ్లయినప్పటి నుంచి సోమవారాలు ఉపవాసం ఉండటం, ఆ నెలంతా గుడ్డు, చేప, మాంసం ముట్టకపోవడం అలవాటు. ఆకలి ఎలాగూ లేదు కాబట్టి ఉపవాసం ఎప్పుడూ లేనంత తేలిగ్గా గడిచింది. సాయంత్రం దీపం పెట్టి రెండు అరటిపళ్లు తినేదాన్ని. మిగతా రోజుల్లో రెండు ముద్దలు పప్పన్నం, మజ్జిగ. ప్రొటీన్ పొడి వాసనకి వికారంగా ఉందని ఆ డబ్బా అప్పటికే పక్కన పెట్టేశాను. తర్వాత డైటీషియన్ నా చేత ఆ నెల తిండి మొత్తం రాయించి లెక్క కట్టింది. రోజుకి 25 గ్రాముల ప్రొటీన్ కూడా లేదు. సర్జరీ అయినవాళ్లకి తక్కువలో తక్కువ 60 గ్రాములు ఉండాలి.

గుర్తులు అప్పటికే కనిపిస్తున్నాయి. నేనే వాటిని గుర్తులు అనుకోలేదు. ఆవకాయ సీసా మూత రాకపోతే సీసా మారింది కదా అనుకున్నాను. బోర్డు మీద నాలుగు లైన్లు రాసేసరికి భుజం లాగితే వయసు అనుకున్నాను. బస్సు ఎక్కేటప్పుడు కాలి మీద బరువు వేసి లేవలేక రాడ్డు పట్టుకుని చేతులతో పైకి లాక్కునేదాన్ని. తొంభై కిలోల మనిషికి అంతేలే అనుకున్నాను. 112 కిలోలు ఉన్నప్పుడు అదే బస్సు ఎలా ఎక్కానో అప్పుడు గుర్తు రాలేదు.

2024 భోగి రోజు శ్రీకాకుళం జిల్లాలో మా అత్తవారి ఊళ్లో ఉన్నాం. పదేళ్లుగా నేను కింద కూర్చుని ముగ్గు పెట్టలేదు, పొట్ట అడ్డొచ్చేది. ఆ రోజు తెల్లవారుజామున కళ్లాపి చల్లిన వాకిట్లో గొంతుక్కూర్చుని పదిహేను చుక్కల ముగ్గు మొదలుపెట్టాను. అలా కూర్చోగలిగినందుకే కళ్లలో నీళ్లు తిరిగాయి. సగం ముగ్గు అయ్యాక పిండి గిన్నె కోసం లేవబోయాను. తొడలు వణికాయి. మళ్లీ ప్రయత్నించాను. వెనక్కి పడి కూర్చుండిపోయాను. చేత్తో నేల ఆనించి లేవబోతే ఆ చెయ్యి కూడా ఆగలేదు. అత్తయ్య గారు వచ్చి చంకల కింద చేతులు వేసి లేపారు. ఆవిడకి డెబ్భై. "ఏటమ్మా ఇది? ఇంత సన్నబడిపోయి కూడా లెగలేకపోతన్నావేటి?" అన్నారు. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు.

పండగ అయిన వారమే సర్జన్ దగ్గరికి వెళ్లాను. ఆయన వ్యాయామం మాట ఎత్తలేదు, ముందు రక్తపరీక్షలు రాశారు. ఇది అందరూ గుర్తుపెట్టుకోవాలి. సర్జరీ తర్వాత కాళ్లలో శక్తి లేకపోతే అదంతా కండ తగ్గడం వల్లే అనుకోకూడదు. విటమిన్ డి తగ్గితే తొడల్లో, తుంటి దగ్గర నీరసం వస్తుంది, కూర్చుని లేవడం కష్టమవుతుంది. బీ12 తగ్గితే తిమ్మిర్లు వస్తాయి. వాంతులు ఎక్కువగా అవుతున్నవాళ్లలో థయమిన్, అంటే బీ1, పడిపోతే నరాలు దెబ్బతింటాయి. దానికి రోజులు ఆగకూడదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. నాకు డి బాగా తక్కువ, ఐరన్ అంచున ఉంది, బీ12 పర్లేదు. డి మోతాదు పెంచారు. కాల్షియం సిట్రేట్, ఐరన్ మాత్రలు కలిపి వేసుకుంటున్నానని తెలిసి, రెండింటికీ మధ్య కనీసం రెండు గంటలు ఎడం ఉండాలని చెప్పారు. ఏడు నెలలు రెండూ ఒకే గుక్కలో వేసుకున్నాను.

తర్వాత ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపారు. ముప్పై ఏళ్ల అమ్మాయి. ముందు చేతిలో ఒక మిషన్ పెట్టి గట్టిగా పిసకమంది. 14 కిలోలు చూపించింది. ఆసియా దేశాల వాళ్లకి పెట్టుకున్న లెక్క ప్రకారం ఆడవాళ్లకి 18 కంటే తక్కువ ఉంటే పట్టు బలహీనంగా ఉన్నట్టు, మగవాళ్లకి 28. తర్వాత చేతులు గుండెల మీద కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోమంది. 12 సెకన్ల లోపు అవ్వాలి. నాకు 19 పట్టింది, అది కూడా నాలుగోసారి చెయ్యి ఆనించి. సర్జరీకి ముందు తీసిన బాడీ కంపోజిషన్ రిపోర్టు, అంటే ఒంట్లో కొవ్వెంతో, కొవ్వు కానిదెంతో చూపించేది, ఇంట్లో ఉంది. మళ్లీ తీయించి పక్కపక్కన పెట్టి చూశాం. తగ్గిన 31 కిలోల్లో దాదాపు 10 కిలోలు కొవ్వు కాదు.

ఆ అమ్మాయి నాకు ఓపికగా చెప్పింది. "ఆ పదీ మొత్తం కండే కాదు మేడం, నీరు కూడా ఉంటుంది. సర్జరీ తర్వాత తగ్గే బరువులో నాలుగో వంతు వరకూ ఇలా కొవ్వు కానిది పోవడం మామూలే, అందులో ఎక్కువ భాగం మొదటి నెలల్లోనే పోతుంది. మీకు కొంచెం ఎక్కువ పోయింది." తిండి ఒక్కసారిగా పడిపోయినప్పుడు శరీరం కొవ్వుతో పాటు కండని కూడా కరిగించి వాడుకుంటుంది. ఫలానా కండ నాకు కావాలి, దాన్ని ఉంచు అని శరీరానికి తెలిసేది దాని మీద బరువు పడినప్పుడే. నడక గుండెకి మంచిది, కానీ నడకలో తొడకండ మీద పడే బరువు దానికి అలవాటైన బరువే. ఇంకో మాట నన్ను బాగా కదిలించింది. మనం తిన్న అన్నంలోని చక్కెరని రక్తంలోంచి లాక్కునేది ఎక్కువగా కండలే. షుగర్ మళ్లీ రాకూడదని ఆపరేషన్ చేయించుకున్న నేను, ఆ షుగర్‌ని పట్టి ఉంచేదాన్నే పోగొట్టుకుంటున్నాను.

ఈ వయసులో కండ తిరిగి వస్తుందా అని అడిగాను. 1990లో అమెరికాలో ఒక వృద్ధాశ్రమంలో తొంభై ఏళ్లకి అటూ ఇటూ ఉన్నవాళ్ల చేత ఎనిమిది వారాలు కాళ్లకి బరువుల వ్యాయామం చేయిస్తే వాళ్ల బలం రెట్టింపు దాటిందట. "మీరు నలభై ఆరుకే ఇలా అడిగితే ఎలా మేడం" అంది.

మొదటి నెల ఇంట్లోనే. కుర్చీ మీద రెండు దిండ్లు వేసి ఎత్తు పెంచి, దాని మీంచి ఎనిమిదిసార్లు లేచి కూర్చోవడం. రెండు నిమిషాలు ఆగి మళ్లీ ఎనిమిది. గోడకి రెండు చేతులు ఆనించి దండీల్లా వంగి లేవడం. కిటికీ ఊచలకి రబ్బర్ బ్యాండ్ కట్టి మోచేతులు వెనక్కి లాగడం. మంచం మీద వెల్లకిలా పడుకుని నడుము పైకెత్తి పట్టుకోవడం. వంటగట్టు పట్టుకుని మడమలు ఎత్తడం. వారానికి మూడు రోజులు, ప్రతి రోజుకీ మధ్య ఒక రోజు విశ్రాంతి. లేచేటప్పుడు ఊపిరి వదలాలి, బిగబట్టకూడదు. ఎనిమిదిలో చివరి రెండు కష్టంగా ఉండాలి. అవి కూడా తేలిగ్గా వచ్చేస్తే ఒక దిండు తీసేయాలి. నొప్పి వస్తే, నడుం వంకర పోతే తగ్గించాలి. ఇంతే సూత్రం. పది రోజులకి ఒక దిండు తీశాను, నాలుగు వారాలకి రెండోది. రెండో దిండు తీసిన రోజు మా అమ్మాయి వీడియో తీసింది. అది ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది.

ఒక పొరపాటు చేశాను, చెప్పాలి. ఒక ఆదివారం పొద్దున్న ఏమీ తినకుండా, నీళ్లు కూడా సరిగా తాగకుండా మొదలుపెట్టాను. మూడో వ్యాయామానికి కళ్లు బైర్లు కమ్మి నేల మీద పడ్డాను. స్లీవ్ అయినవాళ్లం గ్లాసుడు నీళ్లు ఒకేసారి తాగలేం. అందుకని వ్యాయామానికి గంట ముందు నుంచే గుక్క గుక్కగా తాగుతూ ఉండాలి. బరువు తగ్గాక కూడా పాత మోతాదులో బీపీ మాత్ర వేసుకుంటున్నాననీ అప్పుడే బయటపడింది, డాక్టర్ తగ్గించారు. అప్పటి నుంచి ముందు అర అరటిపండు, రెండు చెంచాల పెరుగు తినకుండా బ్యాండ్ ముట్టుకోను.

తిండి సంగతి వ్యాయామం కంటే కష్టమైంది. డైటీషియన్ రోజుకి 70 గ్రాములు పెట్టింది. మన ఇళ్లలో పప్పు తింటే ప్రొటీన్ తిన్నట్టే అనుకుంటాం. చిన్న గిన్నెడు ముద్దపప్పులో ఉండేది ఐదారు గ్రాములు. నా పొట్టలో పట్టేదే ఆ చిన్న గిన్నె. కాబట్టి కంచంలో వరస మార్చాలి. ముందు గుడ్డు, చేప, చికెన్, పనీర్‌లలో ఏదో ఒకటి. తర్వాత కూర. చోటుంటే చివర రెండు ముద్దలు అన్నం. అన్నం చివరికి వెళ్లడం మా ఆయనకి చాలా రోజులు నచ్చలేదు. "నాలుగు మెతుకులు లేకుండా భోజనం ఏమిటి" అనేవారు. నా రోజు ఇలా కుదిరింది: ఉడికించిన గుడ్లు రెండు, గ్లాసు పాలు, మధ్యాహ్నం ఎనభై గ్రాముల చేప గానీ చికెన్ గానీ, కప్పు పెరుగు, చిన్న గిన్నె పప్పు, ఒక స్కూప్ వే ప్రొటీన్ (పాల నుంచి తీసే ప్రొటీన్ పొడి). మంచి రకంలో ఆ ఒక్క స్కూప్‌లోనే 24 గ్రాముల దాకా ఉంటుంది. వాసన భరించలేకపోయిన పొడిని చల్లటి పాలల్లో కొంచెం ఇన్‌స్టంట్ కాఫీ కలిపి తాగితే ఇబ్బంది లేకుండా దిగింది. శాకాహారం రోజుల్లో సోయా చంక్స్, పనీర్, మొలకెత్తిన పెసలతో పెసరట్టు. తిన్న అరగంట దాకా నీళ్లు తాగకూడదన్న నియమం మామూలే.

మార్చిలో బరువు ఆగిపోయింది. ఆగడమే కాదు, ఒక కిలో పెరిగింది. నాకు పట్టిన టెన్షన్ ఇంతా అంతా కాదు. రెండు రాత్రులు నిద్ర లేదు. జీవితమంతా డైట్లు చేసి, తగ్గి, మళ్లీ రెట్టింపు పెరిగిన మనిషికి ఆ కిలో అంటే కిలో కాదు. తెలిసినవాళ్లు కూడా "బరువులు ఎత్తితే మళ్లీ లావవుతావు, మగాళ్లలా అయిపోతావు" అన్నారు. వ్యాయామం ఆపేద్దామనుకుని ఫిజియోథెరపిస్టుకి ఫోన్ చేశాను. టేపు పెట్టి నడుం కొలవమంది. నెల కిందటి కంటే రెండు అంగుళాలు తక్కువ. కొత్తగా బరువులు మొదలుపెట్టినప్పుడు కండల్లో కొంత నీరు చేరడం సహజమని, నెలకి ఒక్కసారే బరువు చూసే మిషన్ ఎక్కమని చెప్పింది. మా ఆయన ఆ మిషన్ తీసి అటక మీద పెట్టేశారు. ఆయన నాకు చేసిన మేళ్లలో అదొకటి.

మగాళ్లలా అవుతారన్న మాటకి నాకు కోపం వచ్చింది. మా ఊరికి దగ్గర్లోని ఆమదాలవలస వైపు నుంచే కరణం మల్లీశ్వరి వెళ్లి, 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ ఆమే. అప్పుడు జిల్లా అంతా సంబరం చేసుకున్నాం. అదే జిల్లాలో నలభై దాటిన ఆడది రెండు కిలోల డంబెల్ పట్టుకుంటే మాత్రం వింతగా చూస్తాం. తాలింఖానాల్లో దండీలు, బస్కీలు మగపిల్లలకే అన్నట్టు పెరిగాం. బస్కీ అంటే ఏమిటి? కూర్చుని లేవడమే కదా. అది ఎక్కువ అవసరం ఉన్నది రోజుకి ఇరవైసార్లు వంగి లేచే మాకే.

జూన్‌లో, అంటే సర్జరీకి ఏడాది నిండాక, జిమ్‌లో చేరాను. మొదటి వారం అక్కడి కోచ్ నన్ను గంతులు వేసే క్లాసులో పెట్టాడు, "మేడం, మీకు ఇంకా ఫ్యాట్ తగ్గాలి" అని. మోకాలు వాచింది. అతనికి సర్జరీ గురించి ఏమీ తెలియదు, తప్పు నాది కూడా, నేను చెప్పలేదు. ఫిజియోథెరపిస్టు ఒక కాగితం మీద రాసి ఇచ్చింది: లెగ్ ప్రెస్, పై నుంచి కిందికి లాగే మిషన్, కూర్చుని వెనక్కి లాగేది, గుండెల దగ్గర డంబెల్ పట్టుకుని గుంజీలు, నేల మీంచి కెటిల్‌బెల్ (పిడి ఉన్న ఇనుప గుండు) ఎత్తడం. ఒక్కోటి పదేసిసార్లు, మూడు విడతలు. ఆ కాగితం చూపించాక కోచ్ నిజంగా శ్రద్ధ పెట్టాడు. కెటిల్‌బెల్ ఎనిమిది కిలోలతో మొదలైంది, డిసెంబర్‌కి ఇరవై నాలుగు అయింది. వీపు నిటారుగా ఉంచి తుంటి దగ్గర వంగడం నేర్చుకోవడానికే నెల పట్టింది. ఆ వంగడం వచ్చాక ఇంట్లో బకెట్ ఎత్తే తీరు కూడా మారిపోయింది.

మళ్లీ కార్తీకమాసం వచ్చింది. ఉపవాసం మానలేదు. పాలు, పెరుగు, పనీర్ ఉపవాసానికి అడ్డు కాదు కదా. పాలలో ఆ పొడి కలుపుకోవచ్చా అని అత్తయ్య గారిని అడిగితే, అది దేంతో చేస్తారని అడిగారు. పాల నుంచే తీస్తారన్నాను. "అయితే పాలేగా, తాగు" అన్నారు. సోమవారం జిమ్ మాత్రం మంగళవారానికి మార్చుకున్నాను.

ఇప్పుడు నా అంకెలు ఇవి. బరువు 74 కిలోలు. పట్టు 22. ఐదుసార్లు లేచి కూర్చోవడానికి తొమ్మిది సెకన్లు. కొవ్వు కాని బరువులో పోయిన పది కిలోల్లో తిరిగి వచ్చింది రెండున్నర. మిగిలింది వస్తుందో లేదో అని నేను మనసు పాడుచేసుకోవడం లేదు. కండ బరువు అంతగా పెరగకపోయినా దాని బలం పెరుగుతుందని నా చేతులే నాకు చెబుతున్నాయి. భుజాల కింద, తొడల లోపల చర్మం వేలాడుతూనే ఉంది. వ్యాయామంతో అది బిగుసుకోలేదు, దాని గురించి ఎవరైనా మాటిస్తే నమ్మొద్దు. ఈ సర్జరీ తర్వాత ఎముకలు కూడా పలచబడే అవకాశం ఉంది కాబట్టి రెండో ఏడు నిండాక ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్ తీయించమన్నారు. ఒకటి మాత్రం ఇప్పటికీ గట్టిగా అనిపిస్తుంది. డిశ్చార్జ్ కాగితంలో "ఆరు వారాలు బరువులు ఎత్తకండి" పక్కన "ఏడో వారం నుంచి డాక్టర్‌ని అడిగి కొద్దికొద్దిగా మొదలుపెట్టండి" అని ఇంకొక్క వాక్యం ఉండి ఉంటే బాగుండేది. ఆపరేషన్ చేయించుకోబోతున్నవాళ్లు ఆ వాక్యాన్ని మీరే అడిగి రాయించుకోండి. సర్జరీకి ముందే పట్టు ఎంత ఉందో, ఐదుసార్లు లేవడానికి ఎన్ని సెకన్లు పడుతోందో చూపించుకుని ఉంచుకోండి.

2025 సంక్రాంతికి ఊరు వెళ్లాం. ముగ్గు మధ్యలో రంగుల కోసం మూడుసార్లు లేచి లోపలికి వెళ్లి వచ్చి మళ్లీ కూర్చున్నాను. అత్తయ్య గారు గడపలో నిలబడి చూస్తున్నారు. ఏమీ అనలేదు. కనుమ నాడు సాయంత్రం చుట్టాలందరూ వెళ్లిపోయాక, "ఆ కుర్చీతో చేసేదేదో నాకూ ఓపాలి చూపించమ్మా, ఈమధ్య మంచం మీంచి లెగడం కష్టంగా ఉంటంది" అన్నారు. వరండాలో చెక్క కుర్చీ గోడకి ఆనించి, దాని మీద రెండు దిండ్లు వేశాను. మోకాళ్ల నొప్పి ఉందా, కళ్లు తిరుగుతాయా అని అడిగి, ఎదురుగా నిలబడ్డాను. నాలుగుసార్లు లేచారు. నాలుగోసారి కుర్చీ చెయ్యి పట్టుకుని, పట్టుకోవచ్చా అన్నట్టు నా వైపు చూశారు.

పట్టుకోండి అత్తయ్యా, అన్నాను. నేనూ నాలుగోసారికే పట్టుకున్నాను.